పని చేస్తుండగానే కాపీ తీయండి



అమెరికాలోని పాలో ఆల్టోలో బిల్ హ్యూలెట్, డేవిడ్ ప్యాకర్డ్ అనే ఇద్దరు స్నేహితులు 1939లో ఒక కంపెనీ పెట్టారు. కారు షెడ్డులో మొదలైన ఆ కంపెనీయే హ్యూలెట్ ప్యాకర్డ్, మనందరికీ తెలిసిన హెచ్‌పీ. వాళ్ల మొదటి సరుకు కంప్యూటరూ కాదు, ప్రింటరూ కాదు. మోడల్ 200ఏ అనే ఆడియో ఆసిలేటర్. చెవికి వినబడే స్వరాల మేరకు విద్యుత్ తరంగాలను పుట్టించే పెట్టె అది. లోపల వాక్యూమ్ ట్యూబులు, రెసిస్టర్లు, కెపాసిటర్లు, వాటి మధ్య ఒక చిన్న బల్బు. ఆ బల్బు వెలుగు కోసం పెట్టింది కాదు. ఫిలమెంటు వేడెక్కే కొద్దీ దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది, ఆ పెరుగుదలే తరంగాన్ని హెచ్చుతగ్గులు లేకుండా ఒక మట్టాన నిలబెడుతుంది. దాన్ని కొద్దిగా మార్చి 200బీ చేస్తే, వాల్ట్ డిస్నీ స్టూడియో ‘ఫాంటేసియా’ సినిమా పని కోసం ఎనిమిది కొనుక్కుంది.

యాభై ఏళ్ల తరవాత, 1989లో, అదే కంపెనీ 3458ఏ అనే డిజిటల్ మల్టీమీటర్ తెచ్చింది. ఎనిమిదిన్నర అంకెల మీటర్. పది వోల్టుల రేంజిలో పెడితే ఒక వోల్టులో కోటో వంతు తేడాను కూడా చూపిస్తుంది. కాలిబ్రేషన్ ల్యాబుల్లో ఇవాళ్టికీ దాని మీదే ఆధారపడి పనిచేసేవాళ్లు ఎందరో ఉన్నారు.

ఈ రెండూ పాడయ్యాయనుకోండి. 200ఏ అయితే సర్క్యూట్ డయాగ్రమ్ ముందు పెట్టుకుని, ఏ ట్యూబు పోయిందో, ఏ కెపాసిటర్ ఎండిపోయిందో చూసి మారుస్తాం. ఎనభై ఏళ్లు దాటిన పెట్టె మళ్లీ పాడుతుంది. 3458ఏ సంగతి వేరు. అందులో ప్రతి భాగమూ లక్షణంగా ఉండవచ్చు. కానీ ఒక ఐసీలో దాచిన కొన్ని అంకెలు చెరిగిపోతే ఆ మీటరు చూపించే ఏ సంఖ్యనూ నమ్మలేం. ఆ అంకెలు ఏ షాపులోనూ దొరకవు. సర్క్యూట్ డయాగ్రమ్‌లోనూ ఉండవు. అందుకే మరమ్మతు బల్ల దగ్గర కూర్చునే నాలాంటివాళ్లకు 1939 నాటి పెట్టె కన్నా 1989 నాటి పెట్టె గురించే ఎక్కువ భయం. పరికరంలోని ప్రోగ్రామ్ కూడా పరికరంలో భాగమే. అన్ని భాగాల కన్నా అదే ముందు పోతోంది.

ఇదెలా మొదలైందో ముందు చెబుతాను. 1970ల్లో మైక్రోప్రాసెసర్ వచ్చాక కొలత పరికరాలు తయారుచేసేవాళ్లు సర్క్యూట్ చేసే పనిలో కొంత ప్రోగ్రామ్‌కి అప్పగించారు. సీఆర్వో, అంటే ఆసిలోస్కోప్, తెర మీద అంకెలు చూపించడం, రేంజి మార్చడం, లోపలి తప్పులను తనంతట తానే సరిదిద్దుకోవడం, అన్నీ ప్రోగ్రామ్ పనులయ్యాయి. పరికరం తేలికైంది, చవకైంది, నిక్కచ్చిగా కొలవడం నేర్చింది. ఆ లాభం నిజమైనదే. పాత రోజులే మేలని నేను అనడం లేదు. అయితే ఆ ప్రోగ్రామ్‌ను దేంట్లో రాసిపెట్టారో, అది ఎన్నాళ్లు నిలుస్తుందో కొన్నవాళ్లు అడగలేదు, అమ్మినవాళ్లు చెప్పలేదు.

ఎక్కువ పరికరాల్లో ఆ ప్రోగ్రామ్ ఉండేది ఈప్రామ్ అనే ఐసీలో. 1971లో ఇంటెల్ కంపెనీలో డోవ్ ఫ్రోమన్ అనే ఇంజినీరు దీన్ని కనిపెట్టాడు. ఐసీ నడినెత్తిన గుండ్రటి క్వార్ట్జ్ కిటికీ ఉంటుంది, అందులోంచి చూస్తే సిలికాన్ ముక్క మెరుస్తూ కనిపిస్తుంది. 253.7 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి ఆ కిటికీలోంచి పడితే లోపలి రాత మొత్తం చెరిగిపోతుంది, మళ్లీ కొత్తగా రాసుకోవచ్చు. చెరపడానికి పెట్టిన కిటికీయే దాని బలహీనత కూడా. ఇంటెల్ తన డేటాషీట్లలోనే హెచ్చరించింది: కిటికీ మూయకుండా వదిలేస్తే నేరుగా పడే ఎండకు సుమారు ఒక వారంలో, గదిలో నిత్యం వెలిగే ట్యూబులైటుకు సుమారు మూడేళ్లలో లోపలి రాత చెరిగిపోవచ్చు. అందుకే కిటికీ మీద కాగితం లేబుల్ అంటిస్తారు. ఆ లేబుల్ మీదే ప్రోగ్రామ్ వెర్షన్ నంబరు ఉంటుంది. జిగురు ఎండి లేబుల్ రాలిపోతే రెండూ పోతాయి, కిటికీకి కప్పూ పోతుంది, లోపల ఉన్నదేమిటో చెప్పే రాతా పోతుంది.

లేబుల్ చెక్కుచెదరకుండా ఉన్నా ఈప్రామ్‌కి ఆయుష్షు ఉంది. లోపల ఒక్కొక్క బిట్టునూ పట్టి ఉంచేది ఇన్సులేషన్ మధ్య చిక్కుకున్న కాసిని ఎలక్ట్రాన్లే. అవి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా కారిపోతాయి. ముందు ఒక బిట్టు ఊగిసలాడుతుంది. వేడెక్కినప్పుడు ఒకటి అనీ చల్లబడ్డాక సున్నా అనీ చెబుతుంది. ఆ దశలో పరికరం ఒకరోజు పనిచేస్తుంది, ఒకరోజు మొరాయిస్తుంది. పవర్ సప్లై మీద అనుమానంతో కెపాసిటర్లన్నీ మార్చేసినా జబ్బు నయం కాదు.

దీనికి కాపీ తీయడం కష్టమేమీ కాదు, ఓపిక ఉండాలి. ఐసీ బేస్‌లో ఉంటే గాటు ఏ వైపు ఉందో ముందు ఫొటో తీసుకోవాలి. సన్నటి స్క్రూడ్రైవర్‌తో అటు కాస్త, ఇటు కాస్త లేపుతూ కాళ్లు వంగకుండా బయటికి తీయాలి. కాళ్ల మీద నల్లటి పొర ఉంటే మెత్తటి రబ్బరుతో తుడవాలి, లేకపోతే ఆ పొర వల్లే తప్పు చదువుతుంది. యూఎస్‌బీ ప్రోగ్రామర్‌లో పెట్టి ఒకసారి చదివి ఊరుకోకూడదు. మూడుసార్లు చదివి, మూడు ఫైళ్లూ ఒకటేనా అని పోల్చాలి. ఒక్క బైటు తేడా వచ్చినా ఆ ఐసీ ఊగిసలాటలో పడిందని అర్థం. ఐసీ నంబరు కూడా జాగ్రత్తగా చూసుకోవాలి. 2764, 27256 లాంటివి ఐదు వోల్టులతో చదవవచ్చు. మరీ పాతదైన 2708కి మూడు సప్లైలు కావాలి: ప్లస్ ఐదు, మైనస్ ఐదు, ప్లస్ పన్నెండు. ఇవాళ చవకగా దొరికే ప్రోగ్రామర్లు దాన్ని చదవలేవు. 2716లో ఇంటెల్ చేసింది ఒక్క సప్లైతో నడుస్తుంది, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీఎంఎస్2716కి మూడు కావాలి. నంబరు ఒకటేనని పొరపడితే చేతిలో ఉన్న ఒక్కగానొక్క ఐసీ పోతుంది.

తీసిన కాపీ సరైనదేనని ఎలా తెలుస్తుంది? దీనికి హెచ్‌పీ ఇంజినీర్లు తమకు తెలియకుండానే మనకో సాయం చేసిపెట్టారు. 1977లో వాళ్లు 5004ఏ అనే సిగ్నేచర్ ఎనలైజర్ తెచ్చారు. డిజిటల్ సర్క్యూట్‌లో ఒక వైరు మీద పారే ఒకట్లు, సున్నాల వరస మొత్తాన్ని అది నాలుగు అక్షరాల గుర్తుగా కుదించి చూపిస్తుంది. చాలా సర్వీస్ మాన్యువళ్లలో ఏ వైరు దగ్గర ఏ గుర్తు రావాలో అచ్చువేశారు, ప్రోగ్రామ్ ఐసీల డేటా కాళ్ల దగ్గర రావాల్సిన గుర్తులతో సహా. అప్పుడది టెక్నీషియన్ లోపం వెతుక్కోవడానికి వేసిన పట్టిక. ఇప్పుడు అదే పట్టికతో మన దగ్గరున్న ఐసీలో ఒక్క బిట్టు కూడా చెడలేదని నిరూపించుకోవచ్చు. అందుకే పాత మాన్యువల్‌ను పరికరం నుంచి విడదీసి చిత్తుకాగితాల్లో వేసేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది.

ఇక బ్యాటరీ మెమరీ సంగతి. ఇదే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. మొదట చెప్పిన 3458ఏ మీటరులో డాలస్ సెమికండక్టర్ వారి ఐసీలు ఉంటాయి. చూడ్డానికి మామూలు ఐసీ కన్నా మందంగా, నల్లటి దిమ్మలా ఉంటాయి. పైనున్న ఆ దిమ్మ లోపల చిన్న లిథియం సెల్ పూడ్చి ఉంటుంది. పవర్ తీసేసినా మెమరీ చెరిగిపోకుండా కాపాడేది ఆ సెల్లే. కరెంటు లేకుండా పదేళ్లు నిలుపుతుందని కంపెనీ హామీ. పదేళ్లన్నా ఇరవై, ముప్ఫై ఏళ్లుగా నెగ్గుకొస్తున్నవి కూడా ఉన్నాయి, అది వాటి మంచితనం. ఐసీ నెత్తిన 8935 అని కనిపిస్తే 1989వ సంవత్సరం 35వ వారంలో తయారైందని అర్థం. మీ దగ్గరున్న పరికరంలో ఇలాంటి దిమ్మ కనిపిస్తే ముందు ఆ నంబరు చదవండి.

3458ఏలో ఇలాంటివి మూడుంటాయి. వాటిలో డీఎస్1220వై అన్న చిన్న ఐసీలోనే కాలిబ్రేషన్ అంకెలు ఉంటాయి. అవి పోతే పది వోల్టుల, పది వేల ఓముల ప్రామాణికాలు తెచ్చి మీటరును మళ్లీ కాలిబ్రేట్ చేయాలి. ఆ రెండూ ఉన్న ల్యాబులు ఎక్కడో గానీ ఉండవు. ఉన్నా, ఆ మీటరు ఏటేటా ఎంత జరుగుతూ వచ్చిందన్న లెక్క అక్కడితో తెగిపోతుంది. టెక్‌ట్రానిక్స్ వారి 2465బీ సీఆర్వోలోనూ ఇదే కథ, అక్కడ తరవాతి పరికరాల్లో డీఎస్1225వై బోర్డుకు నేరుగా సోల్డర్ చేసి ఉంటుంది. ఇప్పుడు చాలామంది సెల్ చావకముందే ఆ అంకెలను చదివి, బ్యాటరీ అక్కర్లేని ఎఫ్‌రామ్ అనే మెమరీలోకి రాసి, పాతదాని స్థానంలో అతికిస్తున్నారు. ఒకసారి ఆ పని చేస్తే మళ్లీ సెల్ గురించి ఆలోచించక్కర్లేదు.

3458ఏకి ఇంకో వెసులుబాటు ఉంది. మూత తీయకుండానే, వెనక ఉన్న జీపీఐబీ సాకెట్టు ద్వారా ఆ అంకెలను బయటికి చదవవచ్చు. జీపీఐబీ అంటే పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీగల వరస. హెచ్‌పీ తన కోసం చేసుకున్న హెచ్‌పీ-ఐబీయే 1975లో ఐఈఈఈ 488 అనే ప్రమాణమైంది. 24 కాళ్ల కనెక్టరు, ఎనిమిది డేటా తీగలు, ఒకదాని మీద ఒకటి గుచ్చుకునే లావాటి ప్లగ్గులు. ఒక్క వరసలో 15 పరికరాల దాకా కలపవచ్చు. కంపెనీలు అమ్మే జీపీఐబీ అడాప్టర్ల ధరకు చిన్న ల్యాబులు తట్టుకోలేవు. అయితే చవకైన ఆర్డుయినో బోర్డుతో అదే పని చేయించే ఏఆర్488 అన్న ప్రోగ్రామ్‌ను దాని రచయితలు అందరికీ ఉచితంగా ఇచ్చారు. దాన్ని కంప్యూటరుకు తగిలించి, పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాస్తే కాలిబ్రేషన్ అంకెలు ఫైలుగా వచ్చేస్తాయి. పాలిటెక్నిక్ విద్యార్థి కూడా చేయగలడు.

ఇక్కడ ఒక తేడా గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఈప్రామ్‌లోని ప్రోగ్రామ్ ఆ మోడల్‌లో ఆ వెర్షన్ ఉన్న పరికరాలన్నిటికీ ఒకటే. నా పరికరం నుంచి తీసింది మీ పరికరంలో పనిచేస్తుంది, కాబట్టి దాన్ని పంచుకోవాలి. కాలిబ్రేషన్ అంకెలు అలా కాదు, అవి ఆ ఒక్క పెట్టెవి. ఒకదాని అంకెలు తెచ్చి ఇంకోదానిలో వేయడం ఒకరి కళ్లజోడు ఇంకొకరు పెట్టుకోవడమే. బొమ్మ కనిపిస్తుంది, కొలత మాత్రం తప్పు. కొందరు ఉత్సాహంతో వేరేవాళ్ల కాలిబ్రేషన్ ఫైలును ఎక్కించి పరికరం బాగుపడిందని అమ్మేస్తారు. కొన్నవాడు ఆ మీటరును నమ్మి ఏం కొలుస్తాడో తలచుకుంటే భయమేస్తుంది.

కొన్ని పరికరాలైతే తమ బుద్ధిని లోపల దాచుకోనేలేదు, ఫ్లాపీలోనే పెట్టుకున్నాయి. హెచ్‌పీ వారి 1650, 16500 వరస లాజిక్ ఎనలైజర్లు అలాంటివి. తొలి మోడళ్లు స్విచ్ వేయగానే తమ సిస్టమ్‌ను మూడున్నర అంగుళాల ఫ్లాపీ నుంచి ఎక్కించుకుంటాయి. ఫ్లాపీ లేకపోతే ఆ లాజిక్ ఎనలైజర్ ఒట్టి ఇనప పెట్టె. సెమికండక్టర్ ల్యాబుల్లో ట్రాన్సిస్టర్లను పరీక్షించే 4145ఏ కూడా అంతే, దానికి అయిదుంపావు అంగుళాల ఫ్లాపీ కావాలి. ఇవి మన దేశంలో స్క్రాప్‌లోకి రావడానికి కారణం చాలాసార్లు ఒక్కటే. ఫ్లాపీ పోయి ఉంటుంది. లేదా పరికరాన్ని అమ్మేసే ముందు భద్రత కోసం డిస్కులన్నీ తీసి నాశనం చేసి ఉంటారు. రక్షణ సంస్థల్లో ఆ జాగ్రత్త న్యాయమే, డిస్కులో ఎవరి కొలతలున్నాయో బయటివాళ్లకు తెలియకూడదు. అయితే కొలతలున్న డిస్కు వేరు, కంపెనీ ఇచ్చిన సిస్టమ్ డిస్కు వేరు. రెండోదాన్ని పరికరంతో పాటే ఉంచితే ఏ రహస్యమూ బయటపడదు.

ఫ్లాపీల విషయంలో మన వాతావరణం కూడా శత్రువే. కాకినాడ, విశాఖపట్నం లాంటి తీరప్రాంతాల్లో చెమ్మకు డిస్కు మీద తెల్లటి బూజు పడుతుంది. అలాంటి డిస్కును తెచ్చి అలాగే డ్రైవులో పెడితే బూజు హెడ్డుకు అంటుకుని అయస్కాంత పొరను గీరేస్తుంది. డిస్కూ పోతుంది, తరవాత పెట్టే డిస్కులూ పోతాయి. ముందు షట్టర్ పక్కకు జరిపి వెలుతురులో చూడాలి, మచ్చలుంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వాలి. ఆ తరవాత కూడా మామూలు కంప్యూటరు ఆ డిస్కును చదవకపోవచ్చు. హెచ్‌పీ ఎల్ఐఎఫ్ అనే సొంత పద్ధతిలో ఫైళ్లు రాసేది, విండోస్ దాన్ని చూసి డిస్కు ఫార్మాట్ చేయమంటావా అని అడుగుతుంది. పొరపాటున కూడా ఔననకండి. దీనికోసం గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డు దొరుకుతుంది. పాత ఫ్లాపీ డ్రైవుకు తగిలిస్తే అది ఫైళ్ల జోలికి పోదు, డిస్కు మీద అయస్కాంతం దిశ ఏ క్షణాన మారుతోందో ఆ కాలాలనే నమోదు చేస్తుంది. ముందు ఆ నమోదు భద్రం చేసుకుంటే, లోపల ఏముందో తరవాత తీరుబడిగా విప్పుకోవచ్చు.

టేపుల సంగతి ఒక్క ఉదాహరణతో చెబుతాను. 1980లో వచ్చిన హెచ్‌పీ-85 చిన్న డెస్క్‌టాప్ కంప్యూటర్. తెర, ప్రింటర్, టేపు డ్రైవు అన్నీ ఒకే పెట్టెలో. జీపీఐబీ తగిలించి పరికరాల చేత వరసగా పరీక్షలు చేయించడానికి ల్యాబులు దీన్ని విరివిగా వాడాయి. ఆ పరీక్షల ప్రోగ్రాములు బేసిక్ భాషలో రాసి, అరచేతిలో పట్టే టేపు కార్ట్రిడ్జిలో దాచేవారు. టేపును తిప్పే డ్రైవులో ఒక రబ్బరు చక్రం ఉంటుంది. కాలం గడిచే కొద్దీ ఆ రబ్బరు కరిగి జిగట బంక అవుతుంది. బంకగా మారిన చక్రం మీద టేపు పెట్టారో, ఆ బంక కార్ట్రిడ్జికి అంటుకుంటుంది. ముందు చక్రం మార్చాలి, తరవాతే టేపు పెట్టాలి. ఈ ఒక్క ముక్క తెలియక ఎన్నో టేపులు పోయాయి.

ఈ ప్రోగ్రాములన్నీ కంపెనీల దగ్గర భద్రంగా ఉంటాయి కదా, మనకెందుకీ తాపత్రయం అని అడిగేవాళ్లుంటారు. కంపెనీల చరిత్ర చూడండి. హెచ్‌పీ కొలత పరికరాల విభాగం 1999లో ఎజిలెంట్ అయింది, 2014లో అందులోంచి కీసైట్ వచ్చింది. టెక్‌ట్రానిక్స్‌ను 2007లో డానహర్ కొన్నది, 2016లో అది ఫోర్టివ్ చేతిలోకి వెళ్లింది. చేతులు మారిన ప్రతిసారీ అమ్మకంలో లేని మోడళ్ల ఫైళ్లను ఎవరు జాగ్రత్త చేస్తారు? అది కంపెనీల దుర్మార్గమని నేననను, లాభం లేని పనికి మనుషులను పెట్టరు అంతే. ఇంకొకటి కూడా జరిగింది. 2017 అక్టోబరులో కాలిఫోర్నియాలోని శాంటా రోసాలో చెలరేగిన కార్చిచ్చు కీసైట్ ఆవరణలోని కొన్ని కట్టడాలను కాల్చేసింది. అందులో హ్యూలెట్, ప్యాకర్డ్‌ల ఉత్తరాలు, ప్రసంగాలు ఉన్న వందకు పైగా పెట్టెలు బూడిదయ్యాయి. అవి ప్రోగ్రాములు కావు, కాగితాలు. అయినా ఒక్క చోటే ఉన్న దానికి ఏ గతి పడుతుందో చెప్పడానికి ఆ ఘటన చాలు. బీరువాలో ఉన్న ఒక్క కాపీ భద్రంగా ఉన్నట్టు కాదు. పది ఊళ్లలో పది మంది దగ్గర ఉంటేనే భద్రం. పంచుకుంటేనే దాచుకున్నట్టు.

ఆ పని చేస్తున్నవాళ్లు ఉన్నారు. బిట్‌సేవర్స్ అనే భాండాగారంలో పాత కంప్యూటర్ల మాన్యువళ్లు, ప్రోగ్రాములతో పాటు కొలత పరికరాల మాన్యువళ్లు కూడా స్కాన్ చేసి పెట్టారు. దాన్ని నడిపే ఆల్ కాసో మౌంటెన్ వ్యూలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో సాఫ్ట్‌వేర్ క్యురేటర్‌గా పనిచేశాడు. ఆస్ట్రేలియాలోని హెచ్‌పీ కంప్యూటర్ మ్యూజియం హెచ్‌పీ పాత యంత్రాల డిస్కులనూ టేపులనూ భద్రపరిచింది. అమెరికాలోని ఓరెగన్‌లో వింటేజ్‌టెక్ మ్యూజియంను టెక్‌ట్రానిక్స్ పాత ఉద్యోగులు పూనుకుని నడుపుతున్నారు. పాత వీడియో గేముల కోసం పుట్టిన మేమ్ అనే ఎమ్యులేటర్‌లో ఇవాళ హెచ్‌పీ-85 కూడా నడుస్తుంది. ఆ టేపులోని పరీక్ష ప్రోగ్రామ్ ఏం చేసేదో ఈనాటి ల్యాప్‌టాప్ మీద చూడవచ్చు.

వీడియో గేముల మాట వచ్చింది కాబట్టి ఇంకో ముచ్చట. ఫ్లూక్ వారి 9010ఏ అనే పరికరం 1980ల్లో మైక్రోప్రాసెసర్ బోర్డుల లోపాలు వెతకడానికి వచ్చింది. దానికీ చిన్న క్యాసెట్ డ్రైవు ఉంటుంది. ఫ్యాక్టరీలు వదిలేసిన ఆ పరికరాన్ని ఆర్కేడ్ గేములు బాగుచేసేవాళ్లు పట్టుకున్నారు. ఒక్కో గేము బోర్డుకు పరీక్ష ప్రోగ్రామ్ రాసి ఒకరికొకరు ఇచ్చుకున్నారు. అలాగే పాత స్పెక్ట్రమ్ ఎనలైజర్లు బొమ్మను హెచ్‌పీ 7470ఏ అనే పెన్ను ప్లాటర్ మీద గీసేవి. ప్లాటర్లు మాయమయ్యాయి. ఒక అమెచ్యూర్ రేడియో ఔత్సాహికుడు కంప్యూటర్‌నే ఆ ప్లాటర్‌గా నటింపజేసే ప్రోగ్రామ్ రాసి ఉచితంగా ఇచ్చాడు. పరికరం తన పాత ప్లాటర్‌కే పంపిస్తున్నాననుకుంటుంది, బొమ్మ వచ్చి ఫైలులో పడుతుంది. ఎక్కడో కూర్చున్న ఒక మనిషి పుణ్యాన ఎన్ని దేశాల్లో ఎన్ని పరికరాలు మళ్లీ పనిలోకి వచ్చాయో.

చట్టం గురించి కూడా సూటిగా చెప్పుకోవాలి. మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం, న్యాయంగా తన దగ్గరున్న కంప్యూటర్ ప్రోగ్రామ్ నష్టపోకుండా సొంత వాడకానికి బ్యాకప్ కాపీ తీసుకోవచ్చు. అంటే మీ పరికరంలోని ఈప్రామ్‌కు కాపీ తీసుకోవడం తప్పు కాదు. దాన్ని అందరికీ పంచడం ఆ మినహాయింపులోకి రాదు. అమెరికాలో 2018లో గ్రంథాలయాలు, మ్యూజియంలు పాత సాఫ్ట్‌వేర్‌ను భద్రపరచడానికి దాని డిజిటల్ తాళాలు తీయవచ్చని ఒక మినహాయింపు ఇచ్చారు. నా అభిప్రాయం ఇది: ఏళ్ల కిందట అమ్మకం ఆపేసి, విడిభాగాలు కూడా ఇవ్వలేమని చెప్పేసిన మోడళ్ల ప్రోగ్రాములను భద్రపరుచుకోవడానికి కంపెనీలు తామే లిఖితపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. వాళ్లకు పోయేదేమీ లేదు. మనమూ హద్దులో ఉండాలి. ఇవాళ అమ్ముతున్న పరికరాల్లో డబ్బు కట్టి తెరిపించుకోవాల్సిన ఆప్షన్లను దొంగతనంగా తెరిచే ఫైళ్లను ఈ పనితో కలిపేస్తే, నిజాయతీగా భద్రపరిచేవాళ్లకు కూడా చెడ్డపేరు వస్తుంది. ఉచితంగా అందుకున్న ఫైలును డబ్బుకు అమ్మేవాళ్లన్నా నాకు గౌరవం లేదు.

ఫైలు తీసిన తరవాత దానికి చిరునామా రాయాలి. ఫైలు పేరు ‘రామ్1’ అని పెట్టి వదిలేస్తే పదేళ్ల తరవాత అది ఎవరికీ పనికిరాదు. మోడల్ నంబరు, వెర్షన్, లేబుల్ మీద ఉన్నదంతా ఉన్నట్టుగా, బోర్డు మీద ఐసీ స్థానం, ఐసీ రకం, ఫైలు చెక్‌సమ్, ఎవరు ఎప్పుడు చదివారు, ఇవన్నీ ఒక టెక్స్ట్ ఫైలులో రాసి పక్కన పెట్టాలి. బోర్డు ఫొటో కూడా. హెచ్‌పీ పరికరమైతే సీరియల్ నంబరు మొదటి భాగం తప్పకుండా రాయాలి. 2823ఏ అని ఉంటే, 28కి 1960 కలపండి, 1988. ఆ ఏటి 23వ వారం నాటి డిజైన్ అన్నమాట. ‘ఏ’ అంటే అమెరికాలో తయారైంది, ‘జె’ అయితే జపాన్, ‘జి’ అయితే జర్మనీ. ఒకే మోడల్‌లో వేరువేరు కాలాల బోర్డులకు వేరువేరు ప్రోగ్రాములుంటాయి. ఈ నాలుగంకెలు లేకపోతే ఏది దేనికో తేల్చలేం.

మన దగ్గరికి వద్దాం. 1980ల దాకా విదేశీ పరికరం కొనాలంటే దిగుమతి లైసెన్సు, విదేశీ మారకద్రవ్యం రెండూ దొరకాలి. అలా కష్టపడి తెచ్చుకున్న పరికరాన్ని మన ల్యాబులు దశాబ్దాల పాటు కంటికి రెప్పలా చూసుకున్నాయి. అందుకే హైదరాబాద్ లాంటి చోట, ఏ కళాశాల స్టోర్స్‌లో చూసినా, బయటి దేశాల్లో ఎప్పుడో పారేసిన మోడళ్లు ఇంకా పనిచేస్తూ కనిపించవచ్చు. వాటితో పాటు వచ్చిన అసలు డిస్కులూ, మాన్యువళ్లూ కూడా ఏ బీరువా అడుగునో ఉండవచ్చు. డెడ్ స్టాక్ రిజిస్టర్ చూసి కమిటీ కండెమ్ చేసేటప్పుడు పరికరం ధర చూస్తారు, వయసు చూస్తారు. లోపలి ప్రోగ్రామ్‌కు కాపీ ఉందా అన్న గడి ఆ ఫారంలో లేదు. ఉండాలి.

విదేశీ పేర్ల పరికరాలకు ప్రపంచమంతా పట్టించుకునేవాళ్లున్నారు. మన దేశంలో తయారైనవి ఎక్కువగా మన దేశంలోనే ఉన్నాయి, వాటి పని మనమే చేసుకోవాలి. అయ్యగారి సాంబశివరావు గారి పూనికతో 1967లో హైదరాబాద్‌లో మొదలైన ఈసీఐఎల్, ట్రాంబేలో రూపొందిన టీడీసీ-12 కంప్యూటర్‌ను ఇక్కడ తయారుచేసింది. ఆ తరం యంత్రాల మీద పనిచేసినవాళ్లు కొందరు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్ల ఇళ్లలో పేపర్ టేపులూ, చేత్తో రాసుకున్న లిస్టింగులూ ఉంటే పిల్లలు వాటిని అటకెక్కించకుండా అడిగి తెలుసుకోవాలి.

ఇంకా దగ్గరిది, ప్రతి పాలిటెక్నిక్‌లోనూ ఇంజినీరింగ్ కాలేజీలోనూ ఉన్నది 8085 మైక్రోప్రాసెసర్ కిట్. హెక్స్ కీలు నొక్కి ప్రోగ్రామ్ ఎక్కించి, ఎర్రటి అంకెల్లో జవాబు చూసుకున్న లక్షల మంది విద్యార్థులకు అదే మొదటి కంప్యూటర్. దాని మానిటర్ ప్రోగ్రామ్ అంతా ఒక ఈప్రామ్‌లో సున్నా అడ్రసు నుంచి మొదలవుతుంది. ఆ ఐసీ చెడితే కిట్ పోయినట్టే. ఆ కిట్లను తయారుచేసిన చిన్న చిన్న కంపెనీల్లో మూతపడినవి ఉంటాయి. వాటి ప్రోగ్రామ్ ఇంకెక్కడా ఉండకపోవచ్చు. ల్యాబ్‌లో ఇరవై కిట్లుంటే ఒక్కొక్కదానికీ చదివి పోల్చండి. వాటిలో ఏదో ఒకటి మిగతా వాటికన్నా వేరే వెర్షన్ అయి ఉండవచ్చు, దాన్నీ విడిగా దాచండి. ఫైనలియర్ ప్రాజెక్టుకు ఏం చేద్దామని వెతుక్కునే విద్యార్థులకు ఇది మంచి పని. డిస్‌అసెంబుల్ చేసి, ఏ రొటీన్ ఏ అడ్రసులో ఉందో తెలుగులో రాసిపెడితే వచ్చే బ్యాచ్‌కు పాఠం కూడా అవుతుంది. ప్రోగ్రామర్ లేకపోతే హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో విచారించండి. ఐసీ తీసే ముందు కిట్ ప్లగ్గు పీకండి, కిటికీ మీద లేబుల్ ఊడిపోయి ఉంటే నల్ల టేపు ముక్క అంటించండి, చదవడం మొదలుపెట్టండి.